ముగ్గురు చెప్పిన మాట

తెల్లవారగానే సూరయ్య గ్యాస్ పొయ్యి మీద గిన్నెడు నీళ్ళు మరగబెట్టి, రెండు చేతులా పట్టుకుని స్నానాల గది వైపు నడిచాడు. గడప దగ్గర కాలు తడబడింది. మరిగే నీళ్ళు చాప అంచుదాకా చిందాయి. నెల బిడ్డను పడుకోబెట్టే చాప అది.

పురిటికి వచ్చిన కూతురు కనకదుర్గ బిడ్డను గుండెకు హత్తుకుని లేచింది.

"ఇక చాలు నాన్నా! గీజరు కొంటావా, నన్ను మా అత్తగారింటికి పొమ్మంటావా?"

"కొననన్నానా అమ్మా? చూస్తానే ఉన్నాగా."

ఆ చూడటం ఏడాదిగా సాగుతోంది. ఫోనులో ఏ గీజరు కనబడినా సూరయ్య ఒక్క స్టారు ఇచ్చినవాళ్ళ ఫిర్యాదులే చదువుతాడు. ఫిర్యాదు లేని వస్తువు ఎక్కడ దొరుకుతుంది? ఏడాది కిందట ఆ స్నానాల గదిలోనే, బకెట్లోని హీటరు రాడ్డు తీయబోయి, ఆయన భార్య నాంచారమ్మ షాక్ కొట్టి పడిపోయింది, మళ్ళీ లేవలేదు. ఆ తలుపు మూసి ఉంటే, లోపల ఆమె ఉన్నట్టే, ఆయన ఇప్పటికీ రెండుసార్లు తట్టి గాని తీయడు.

కనకదుర్గ ఆయన జేబులోంచి ఫోను లాక్కుంది.

"ఏముందిందులో? డెలివరీ లేటు. అట్టపెట్టె చిరిగింది. బిగించడానికొచ్చినవాడు మూడొందలు ఎక్కువడిగాడు. ఎవరి గొడవ వాళ్ళది. షాక్ కొట్టిందని ఒక్కరన్నా అన్నారా?"

సూరయ్య గిన్నె కింద పెట్టాడు.

"మీ అమ్మ రాడ్డుకి అన్నారమ్మా. ముగ్గురు. పిడి దగ్గర షాక్ కొడుతోందని. కొనకముందే చదివాను."

కనకదుర్గ ఫోను మీంచి తలెత్తింది.

"చదివి కూడా కొన్నావా?"

"నలభై ఏళ్ళు చేపలమ్మినోణ్ణి. కొల్లేటి నుంచొచ్చిన బుట్టలో మూడు మెత్తబడితే బుట్టంతా వెనక్కి పంపుతామా? ఏరి పారేస్తాం. వందలమంది బాగుందన్నారు. ఆ ముగ్గురినీ అట్టాగే ఏరి పారేశాను." ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. "మొప్పలెత్తి చూడకుండా ఒక్క చేప కూడా మీ అమ్మ చేతికియ్యలేదే. ఆ రాడ్డొక్కటే ఇచ్చాను."

ఆమెకు ముందు కోపమే వచ్చింది. ఏడాదిగా నాన్న మోస్తున్నది మరిగే నీళ్ళు మాత్రమే కాదని తెలిశాక, ఆ కోపం ఏడుపైపోయింది.

"ఒకరికొకరు తెలీని ముగ్గురు ఒకే చోటు చూపించారు కదా నాన్నా. నీకెందుకు తట్టలేదు?" కళ్ళు తుడుచుకుని మళ్ళీ అడిగింది. "సరే, మరి నువ్వు రాశావా? ఆ రాడ్డు ఇంకా అమ్ముతానే ఉన్నారు."

"నేనా? ఏ మొహంతో రాయను?"

"అమ్మను పోగొట్టుకున్న మొహంతోనే. చెప్పు, నేను టైపు కొడతాను."

ఆయన గోడకేసి చూస్తూ చెప్పాడు. "పిడి దగ్గర షాక్ కొడుతోంది. నా భార్య నాంచారమ్మ చనిపోయింది. ముగ్గురు ముందే చెప్పారు, నేను వినలేదు. మీరైనా వినండి."

నాలుగో రోజు గీజరు వచ్చింది. ఎలక్ట్రీషియన్ ఎర్తింగు సరిచూసి బిగించి వెళ్ళాడు. మర్నాడు పొద్దున్న బిడ్డకు నీళ్ళు పట్టబోతూ సూరయ్య ఫోను తెరిచాడు. తను చెప్పిన మాటల కింద కొత్తగా ఒక వాక్యం ఉంది: పదకొండు మందికి ఉపయోగపడింది.

బకెట్ పట్టుకుని స్నానాల గది దగ్గరికి వెళ్ళాడు. తలుపు మూసి ఉంది. అలవాటుగా రెండుసార్లు తట్టాడు.

"నాంచారూ, పదకొండు మంది విన్నారే," అని చెప్పి, తలుపు తీశాడు.