తడి ఆరని సంతకం

ఉదయం 10:40. ఐసీయూలో ఏడో బెడ్ పేషెంట్ పోయాడు.

10:45కి అతని కూతురు నర్సు చెయ్యి పట్టుకుంది. వదల్లేదు.

"నువ్వే చంపావు మా నాన్నని!"

11:30కి ఇన్‌స్పెక్టర్ దిగాడు. డిపార్ట్‌మెంటులో ఆయన పేరు నత్త. నత్తే నయం, దారిలో టీకి ఆగదు అనేవాళ్లూ ఉన్నారు.

ఆ వార్డులో కొత్త మందు మీద ట్రయల్ నడుస్తోంది. ఇన్‌ఫెక్షన్ రక్తమంతా పాకి ప్రాణం మీదికొచ్చినవాళ్లకి, మామూలు వైద్యానికి తోడు, సగంమందికి ఆ మందు, సగంమందికి ఉత్త సెలైన్. ఎవరికేదో సీలు కవరే చెప్పాలి. వచ్చిన వరుసలో ఒక్కొక్కరికి ఒక్కో నంబరు కవరు. చించేముందు పెద్ద డాక్టరు దాని మీద సంతకం పెట్టి, టైము వెయ్యాలి.

ఏడో బెడ్‌ది 31. సంతకం కింద టైము 8:20. నర్సు సీసా తగిలించింది 8:58కి.

"ముప్పై ఎనిమిది నిమిషాలు గాడిదలు కాసింది," అన్నాడు పెద్ద డాక్టరు. "తీసుకెళ్లి లోపలెయ్యండి. నాకు పనుంది."

"చించిన కవరు నాకిచ్చిందే 8:55కి సార్," అంది నర్సు.

"నోర్ముయ్!"

"నెమ్మది డాక్టరుగారూ," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నాకు అసలే మెల్లగా ఎక్కుతుంది. ఎనిమిదో బెడ్ ఎప్పుడొచ్చాడు?"

"8:50. కవరు 32. అయితే?"

"మనిషెలా ఉన్నాడు?"

"వయసులో ఉన్నాడు. గట్టిపిండం."

"కవర్లు ఎక్కడుంటాయమ్మా?"

"బీరువాలో, తాళం వేసి," అంది నర్సు. "డాక్టరుగారికి 31 తీసిచ్చింది 8:15కి. 32 ఇచ్చింది 8:52కి. రిజిస్టర్లో డాక్టరుగారి సంతకాలున్నాయి."

డాక్టరు జేబులో బొటనవేలంత లావు ఇంకు పెన్ను. ఇన్‌స్పెక్టర్ దాన్ని కాసేపు ముచ్చటగా చూశాడు. తర్వాత 32 కవరు తిరగేశాడు. అడుగున నీలం మరక. అద్దంలో చూసినట్టు తిరగబడ్డ సంతకం. దాని కింద తిరగబడ్డ 8:20.

"31 మీద సంతకం పచ్చిగా ఉండగానే 32ని దానిమీద పెట్టారు. 32 బీరువా దాటిందే 8:52కి. అరగంట ఆరని ఇంకు ఏ కొట్లో దొరుకుతుంది సార్? మా ఆవిడకి కొనిపెడతాను."

డాక్టరు కవరు కోసం చెయ్యి చాపాడు. ఇన్‌స్పెక్టర్ దాన్ని వెనక్కి తీసుకున్నాడు.

"గట్టివాడు వచ్చేదాకా 31ని దాచారు. రెండూ కలిపి చించారు. 31లో ఉన్న మందు చీటీ అతనికి మార్చారు. ఏ కవర్లో ఏముందో ఫార్మసీ లాకర్లో అసలు లిస్టుంది. తెరిపించనా?"

"ఆ ముసలాడు ఎలాగూ పోయేవాడే!" అరిచాడు డాక్టరు. "వాడు సెలైన్‌వాళ్ల లెక్కలో పోతే మందుకి మంచిపేరు. మీకేం తెలుసు?"

కూతురు నర్సు చెయ్యి వదిలింది. మణికట్టు మీద ఐదు వేళ్లూ అచ్చుపడి ఉన్నాయి.

"ఆ మందు పడుంటే నాన్న బతికేవాడా సార్?"

"తెలీదమ్మా. అది తెలుసుకోడానికే ఈ కవర్లు. ఈయన పుణ్యమా అని ఇక ఎవరికీ తెలీదు."

స్టేట్‌మెంట్ కింద సంతకానికి డాక్టరు జేబులో చెయ్యి పెట్టాడు.

"అది వద్దు." ఇన్‌స్పెక్టర్ తన బాల్‌పెన్ను అందించాడు. "నాకు ఆరేదాకా కూచునే ఓపిక లేదు."