దుబాసీ కుర్చీ

తుక్ గారికి గడ్డం గీయించుకోవడమంటే మహా ఇష్టం. ఆ ఉదయం కూడా చింతచెట్ల కింద మంగలి కుర్చీలో, చెంపల నిండా సబ్బు నురగతో, కళ్లు మూసుకుని హాయిగా వెనక్కి వాలి ఉన్నాడు. హోండా మీద ఇద్దరొచ్చారు. వెనక కూర్చున్నవాడు బండి దిగను కూడా లేదు. సైలెన్సర్ తొడిగిన పిస్తోలు రెండుసార్లు చిన్నగా దగ్గింది. మంగలి చేతిలోని కత్తి ఇంకా గాలిలో ఉండగానే హోండాని సైగాన్ ట్రాఫిక్ మింగేసింది.

తుక్ దక్షిణ వియత్నాం అధ్యక్ష భవనంలో దుబాసీ. అమెరికావాళ్లు ఎప్పుడొచ్చినా వాళ్ల మాట మనకీ, మన మాట వాళ్లకీ చేరవేసేది ఆయన నోరే.

ఆ వార్త పత్రికల దాకా పోకముందే మేజర్ ఖాయ్ ఒక ఫొటో స్టూడియోలోకి అడుగుపెట్టాడు.

"పెళ్లి ఫొటో తీయించుకోవాలి," అన్నాడు కౌంటర్ దగ్గర.

"పెళ్లికూతురేదీ?" అంది ముసలామె.

"వానలో చిక్కుకుపోయింది."

ఆమె తలెత్తకుండానే నల్ల తెర పక్కకి జరిపింది. లోపల డార్క్‌రూములో, ఎర్ర బల్బు వెలుగులో, కర్నల్ దాత్ సిగరెట్ మీద సిగరెట్ కాలుస్తున్నాడు. గూఢచారి శాఖలో ఖాయ్‌ని చెయ్యిపట్టి నడిపించినవాడు ఆయనే.

"తుక్ సంగతి విన్నావుగా."

"విన్నాను సార్."

"రేపు ఉదయం ఎంబరీ వస్తున్నాడు. అమెరికా అధ్యక్షుడి ప్రత్యేక దూత. పారిస్‌లో ఉత్తరాదివాళ్లతో ఒప్పందం దాదాపు కుదిరిపోయిందట. మన దేశం మీద ఒప్పందం. మనకి మాత్రం చూపించలేదు. రేపు మన సలహాదారు లువొంగ్ గారికి విప్పి చెబుతాడు. మన అధ్యక్షుడు మేడ మీద ఉంటారు. విషయం విని, ఔనో కాదో అంటారు."

"వాయిదా వేయమంటే?"

"మనల్ని పక్కనపెట్టి సంతకాలు చేసేసుకుంటారు. కూర్చోక తప్పదు. కూర్చోవాలంటే దుబాసీ కావాలి. నీకు ఇంగ్లీషు వచ్చు. కానీ నీ ముఖం అమెరికావాళ్లకి తెలిస్తే, ఇన్నేళ్ల మన కష్టం గంగపాలు."

"కోస్టా పనేనంటారా?"

"ఇంకెవడికి అవసరం?"

కోస్టా మకావ్‌లో ఉండే ఆయుధాల దళారి. ఉత్తరానికీ దక్షిణానికీ ఒకే చేత్తో తుపాకులమ్మే ముఠాకి నాయకుడు. యుద్ధం ఆగిన రోజున వాడి దుకాణం మూతపడుతుంది.

ఖాయ్ ఒక్క క్షణం ఆలోచించాడు. "సార్, పావురం ఉంది."

కర్నల్ కనుబొమలు ముడిపడ్డాయి. పావురమంటే క్వియెన్. కాన్వెంటులో నేర్చుకున్న ఇంగ్లీషు, క్లబ్బులో పాడి సంపాదించిన పేరు, ఎదుటివాడు చెబుతున్న మాట మర్చిపోయేంత అందం. సైగాన్ వచ్చే కోస్టా అతిథులకి దుబాసీగా ఉంటూ, ఆ ముఠా కబుర్లన్నీ మూడేళ్లుగా ఖాయ్‌కి చేరవేస్తోంది. ఇంకో సంగతి కూడా ఉంది. అది శాఖ ఫైళ్లలో లేదు, ఖాయ్ మనసులో ఉంది.

"ఆమెకి పూచీ ఎవరు?"

"నేను సార్."

"నీ మాట మీద ఒప్పుకుంటున్నాను," అన్నాడు కర్నల్.

*

నది ఒడ్డున కాఫీ కొట్టులో, గాజుగ్లాసులోకి బొట్టుబొట్టుగా దిగుతున్న కాఫీని చూస్తూ కూర్చుంది క్వియెన్. ఒంటి మీద ఆకుపచ్చ పట్టు ఆవ్ జాయ్, వియత్నాం ఆడవాళ్ల పొడుగు చొక్కా. వేళ్ల మధ్య సిగరెట్. పక్కన వెండి సిగరెట్ కేసు.

"ఏమిటి మేజర్ గారూ, పట్టపగలే దర్శనం? పెళ్లిమాటలు మాట్లాడ్డానికొచ్చారా, పనిమాటలా?"

"పని."

"ఎప్పుడూ అంతేలే. నా నుదుట నువ్వు పని అనే రాసిపెట్టావు."

ఖాయ్ చెప్పాడు. ఆమె నవ్వు మెల్లగా ఆరిపోయింది. గ్లాసులో చెంచా తిప్పడం ఆగిపోయింది.

"అమ్మో, నేనా? ప్యాలెస్‌లోనా? తుక్ గారి రక్తం ఇంకా ఆరనైనా లేదు."

"నిన్ను నేను కాపలా కాస్తాను. అదే గదిలో ఉంటాను."

"ఏ వేషంలో?"

"టీ ఇచ్చేవాడిగా."

"నువ్వా! ఇంట్లో మంచినీళ్ల గ్లాసు కూడా ఒలకబోసుకునే మనిషివి." పకపకా నవ్వింది. తర్వాత కిటికీలోంచి నది వైపు చూసింది. "ఖాయ్, లోపల వాళ్లేం చెప్పబోతున్నారో నీకు తెలుసా?"

"శాంతి అంటున్నారు."

"ఎవరికి?"

 ఖాయ్ తమ్ముడు హొవాన్, ఉత్తరపు సరిహద్దు దాపున క్వాంగ్ త్రి అనే కోట దగ్గర, కిందటి నెలే చనిపోయాడు. ఉత్తరాది సైన్యం చేతిలోంచి ఆ కోటని మనవాళ్లు ఇటుక ఇటుకగా వెనక్కి లాక్కున్నారు. హొవాన్ దేహం ఏ ఇటుకల కింద ఉందో ఇంకా దొరకలేదు. ఆ చావుకి అర్థం ఉందన్న నమ్మకంతోనే ఖాయ్ రోజూ నిద్ర లేస్తున్నాడు.

"సరే, వస్తాను," అంది క్వియెన్. "నన్నెక్కడ కూర్చోబెడతారు? ఇద్దరి మధ్యేనా?"

"ఇద్దరి మధ్యే."

దుబాసీని ఇంకెక్కడ కూర్చోబెడతారు అనుకున్నాడు ఖాయ్. అంతకుమించి ఆలోచించలేదు.

*

మర్నాడు ప్యాలెస్‌లో ప్రతి గుమ్మం దగ్గరా రెండు దేశాల కాపలా. అమెరికా పక్షాన భద్రత చూసేవాడు పీట్రీ. ఎర్రటి మెడ, పొడి నవ్వు. క్వియెన్ చేతిసంచి బల్ల మీద బోర్లించాడు. లిప్‌స్టిక్ తిప్పి చూశాడు. సిగరెట్ కేసు తెరిచాడు. లోపల సిగరెట్లే ఉన్నాయి.

"ఒకటి తీసుకోండి," అంది ఆమె.

పీట్రీ చెవుల దాకా ఎర్రబడి కేసు మూసి ఇచ్చేశాడు.

తెల్లకోటు, అతికించిన మీసం, కాస్త వంగిన నడుముతో ఖాయ్ వంటగదిలో టీ కప్పులు తుడుస్తున్నాడు. లోపల మాటలు మొదలై చాలాసేపైంది. అప్పుడు గోడ మీది ఫోన్ మోగింది. కర్నల్.

"చోలన్ పేటలో దొరికాడు, తుక్‌ని కాల్చినవాడు. నోరు విప్పాడు. ఏమన్నాడో తెలుసా? చచ్చినవాడి మీద మాకే పగా లేదు, మాకు కావలసింది ఆ కుర్చీ ఖాళీ కావడం అన్నాడు."

ఖాయ్ రిసీవర్‌ని చెవికి అదిమి పట్టుకున్నాడు.

"విన్నావా? ఆ కుర్చీలోకి ఎవరొస్తారో వాళ్లకి ముందే తెలుసు. నువ్వు ఎవరి పేరు చెబుతావో తెలుసు. సిగరెట్లు కాలేలోపే పని అయిపోతుందట. ఖాయ్, లోపల ఆమె దగ్గర ఏముంది?"

రిసీవర్ కొక్కేనికి తగిలించలేదు ఖాయ్. అలాగే వదిలేశాడు. మూడేళ్లుగా ఆమె తెచ్చిన కబుర్లు, ఆమె నవ్వు, ఎక్కడ కూర్చోబెడతారని నిన్న అడిగిన ఆ ఒక్క ప్రశ్న, అన్నీ కలిసి ఒక్కసారిగా తల మీద పడ్డాయి. ఏడవడానికి తీరిక లేదు. కేకలేస్తే ఆమె అక్కడికక్కడే పేల్చేయొచ్చు. టీ పళ్లెం ఎత్తుకున్నాడు.

గదిలో ఎంబరీ కాలు మీద కాలేసుకుని నెమ్మదిగా, గొంతు పెంచకుండా మాట్లాడుతున్నాడు. ఎదురుగా ముసలి సలహాదారు లువొంగ్. మధ్యలో క్వియెన్. ఆమె ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఉత్తరాది సైన్యం," అని ఆమె వియత్నామీలో చెబుతోంది, "ఇప్పుడు మీ నేల మీద ఎక్కడుందో అక్కడే ఉండిపోతుంది. వెనక్కి వెళ్లమని ఒప్పందంలో లేదు. మా అమెరికా సైన్యం మాత్రం వెళ్లిపోతుంది. ఆ రెండో షరతు ఇంతకుముందే ఖాయమైంది."

లువొంగ్ తాగబోతున్న కప్పు కింద పెట్టేశాడు.

ఆ మాటలు ఖాయ్ చెవిన పడ్డాయి. ఎక్కడుందో అక్కడే. అంటే క్వాంగ్ త్రి కోట గోడకి అవతల. హొవాన్ నిద్రపోతున్నచోటికి కూతవేటు దూరంలో.

ఆష్‌ట్రే పక్కన వెండి కేసు ఉంది. చెవిపెట్టి వింటే తప్ప వినబడని టిక్ టిక్. క్వియెన్ తలెత్తింది. మీసం వెనక ఉన్నదెవరో గుర్తుపట్టింది. చెయ్యి చాపితే కేసు అందుతుంది. ఆమె చెయ్యి కదిలింది, కేసు మీదికి కాదు, తన ఒళ్లోకి.

ఖాయ్ పళ్లెం ఒరిగింది. వేడి టీ బల్లంతా పారింది. "క్షమించండి, క్షమించండి అయ్యా," అని గొణుగుతూ తువ్వాలు పరిచి కప్పులూ కేసూ కలిపి పళ్లెంలోకి ఊడ్చేశాడు. ఎంబరీ తడిసిన ప్యాంటు చూసుకుని విసుక్కున్నాడు. ఖాయ్ పరుగెత్తలేదు. పరుగెత్తితే గుమ్మం దగ్గర పీట్రీ కాల్చేస్తాడు. వంగిన నడుముతోనే గది దాటాడు, వరండా దాటాడు, అప్పుడు పరుగెత్తాడు. తోటలోని కొలను కనబడగానే పళ్లెంతో సహా విసిరేసి గడ్డి మీద బోర్లా పడ్డాడు.

కొలను ఆకాశానికి లేచింది. కలువ కాడలూ బురదా చేపలూ అతని వీపు మీద కురిశాయి.

*

కాపలాగదిలో సంకెళ్లతో కూర్చుంది క్వియెన్. ఖాయ్ మీసం పీకి నేల మీద పడేశాడు.

"ఎప్పట్నుంచి?"

"నువ్వు నన్ను పనిలోకి తీసుకోకముందు నుంచే." ఆమె తల దించుకోలేదు. "నీకు చెప్పిన కబుర్లన్నీ కోస్టా చెప్పమన్నవే."

"మిగతావి కూడానా?"

"మిగతావి కోస్టాకి చెప్పలేదు."

ఖాయ్ గోడ వైపు తిరిగాడు. ముఖం తిప్పకుండానే అడిగాడు. "నువ్వు లేచి బయటికి వెళ్లాల్సింది కదా. ఎందుకు కూర్చున్నావు?"

"అది నా నోటితోనే చెప్పాల్సి వచ్చింది ఖాయ్. ఆ మాటలు. మొత్తం వినాలనిపించింది, అమెరికావాళ్లు మనల్ని ఎంతవరకు అమ్మేశారో." ఆమె సంకెళ్ల వైపు చూసుకుంది. "తర్వాత నువ్వొచ్చావు. టీ పళ్లెం పట్టుకుని, పిచ్చివాడిలా. నేను మోసం చేశాను, ఒప్పుకుంటాను. నన్ను గోడకి నిలబెట్టి కాలుస్తారు. మరి వాళ్లని?"

గుమ్మంలో బూట్ల చప్పుడైంది. కర్నల్ దాత్. ఆమెని తీసుకుపొమ్మని సైగ చేశాడు. ఆమె వెళ్తూ వెనక్కి చూడలేదు.

"శభాష్ ఖాయ్. దేశం పరువు నిలబెట్టావు."

"సార్, లోపల ఒక మాట విన్నాను. ఉత్తరాది సైన్యం..."

"తెలుసు."

"మీకు తెలుసా?"

"పారిస్‌లో మనవాళ్లు పదిరోజుల కిందటే పసిగట్టారు. ఎంబరీ నోట వినడమే మిగిలింది."

ఖాయ్ ఆ ముఖంలోకి చూశాడు. తనకి పిస్తోలు పట్టుకోవడం నేర్పిన ముఖం. హొవాన్ పోయినప్పుడు ఇంటికొచ్చి అగరొత్తులు వెలిగించిన ముఖం.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పుంటే ఆ పళ్లెం ఎత్తేవాడివా?"

 ఎత్తేవాడో లేదో తనకే తెలియకపోవడం ఖాయ్‌ని అన్నిటికంటే భయపెట్టింది.

పీట్రీ లోపలికొచ్చాడు. ఖాయ్ చెయ్యి గట్టిగా ఊపాడు. "మేజర్, మా అధ్యక్షుడికి మీ పేరు స్వయంగా చెబుతారట ఎంబరీ గారు. ఒక చిక్కొచ్చింది. మాటలు సగంలో ఆగాయి, దుబాసీ లేదు. మీ ఇంగ్లీషు బ్రహ్మాండమని కర్నల్ గారంటున్నారు. ఇక మీ ముఖం దాచుకోవాల్సిన పని కూడా లేదుగా."

కర్నల్ చూపు తిప్పుకున్నాడు.

వీపు మీద బురదతోనే ఖాయ్ వెళ్లి ఆ కుర్చీలో కూర్చున్నాడు. బల్ల తుడిచేశారు. కొత్త కప్పులొచ్చాయి. పేలింది తోటలోని నీళ్ల పంపు అని పత్రికలకి చెప్పాలని అప్పటికే నిర్ణయమైపోయింది. ఎంబరీ కొత్త ప్యాంటు వేసుకుని వచ్చాడు. ప్రాణం కాపాడినవాడి వైపు చూసి మర్యాదగా తలాడించి, ఆగినచోటి నుంచే ఎత్తుకున్నాడు. సైన్యాల గురించి, సరిహద్దుల గురించి, క్వాంగ్ త్రి గురించి. ఒక్కో వాక్యాన్నీ ఖాయ్ తన తమ్ముడి భాషలోకి మార్చి, ఒక్క ముక్కా వదలకుండా, లువొంగ్ గారి చెవిన వేశాడు. గొంతు ఎక్కడా వణకలేదు.

చివర్న ఎంబరీ ముందుకు వంగాడు. గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. చాలాసేపు మాట్లాడాడు. మధ్యమధ్య తన అధ్యక్షుడి పేరు, స్నేహం, గౌరవం, చరిత్ర. ఖాయ్ వింటూ కూర్చున్నాడు.

లువొంగ్ అలసటగా అడిగాడు. "ఏమంటున్నాడు నాయనా?"

"మా మాట నమ్మండి అంటున్నాడండీ."

"అంతసేపు మాట్లాడాడుగా. ఇంకేమీ అనలేదా?"

"అన్నాడండీ," అన్నాడు ఖాయ్. "కానీ మన భాషలోకి వచ్చేది ఇంతే."