శారదమ్మ తలుపు ముందు పిల్లతల్లి

“దేవకృపక్కా!... ఓ దేవకృపక్కా!”

వరండా మలుపు నుంచి ఆయా పర్వతాలు గుసగుసగా పిలిచింది. పిలుపులోనే వణుకు.

“మళ్ళొచ్చిందక్కా... పిల్లతల్లి!”

నేరేడ్‌మెట్‌లో ఆ పాత బంగళాకు చెడ్డపేరు ఉండనే ఉంది. రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజుల్లో, గుండె ఆపరేషనైన పెద్దవాళ్ళను కోలుకునేదాకా అక్కడ ఉంచేవారట. ఎప్పుడో పురిట్లో పోయిన తల్లి, బిడ్డను గుండెకు హత్తుకుని వెనక వరండాలో తిరుగుతుందని చెప్పుకునేవారు. ఆమె ఎవరి తలుపు ముందు ఆగితే... తెల్లారేసరికి ఆ మంచం ఖాళీ!

ఆ మాటలకు నర్సు దేవకృప నవ్వేసేది. ఆ రాత్రి మాత్రం నవ్వు రాలేదు. కరెంటు పోయింది. చేతిలో కొవ్వొత్తి గాలికి ఆరిపోనా, వద్దా అంటోంది.

“ఎక్కడే?”

“గదే... శారదమ్మ తలుపు కాడ.”

దేవకృప కొవ్వొత్తి పైకెత్తింది. శారదమ్మ! మొన్ననే ఆయాసం ఎక్కువై అందరినీ హడలగొట్టింది. సాయంత్రం మందు వేస్తుంటే, “రేపు నా తల నువ్వే దువ్వాలె బిడ్డా” అని మాట తీసుకుంది.

చూసింది. తెల్లటి బట్టలు... వంగిన నడుం... గుండెకు అదుముకున్న తెల్లటి మూట. కదలదు, మెదలదు — తలుపు సందులోంచి లోపలికే చూస్తోంది!

“యేసయ్యా...” అంటూనే దేవకృప పరుగెత్తింది. భయం సంగతి తర్వాత. ముందు శారదమ్మ!

అప్పుడే ఆ ఆకారం మూటను ఇంకా గట్టిగా అదుముకుని... దగ్గింది.

దేవకృప ఠక్కున ఆగిపోయింది. ఆ దగ్గు ఆమెకు తెలుసు. ఆ మూటా తెలుసు! కోసి కుట్టిన రొమ్ము అదరకుండా, దగ్గొస్తే దిండు హత్తుకోమని అందరికీ నేర్పింది తనే కదా.

“నోవహు తాతా!... నువ్వా?”

పగలంతా రెండడుగులు వెయ్యమని బతిమాలితే, కాళ్ళు రావంటూ మంచం దిగని ముసలాయన! నడవకపోతే ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరుతుందని డాక్టరు తిట్టిన తిట్లన్నీ దేవకృపకే.

“గిదేంది తాతా, దొంగనడకలు! మా పానం తీస్తివి గదా” అని గొణిగింది పర్వతాలు.

“మెల్లగ... ఆమె పండుకున్నది” అన్నాడాయన. “పిల్లతల్లి ముచ్చట నేను సుత విన్న. గందుకే కావలి ఉంటున్న. ఆమె ఊపిరి చప్పుడు ఇనబడితేనే నాకు నిద్ర.”

“మరి పగలు నడవచ్చుగా తాతా?”

దిండులో గడ్డం దాచుకున్నాడు...

“నడిస్తే ఇంటికి పంపుతరు సిస్టరమ్మా.”

కరిగిన మైనం దేవకృప చేతి మీద పడింది.

“శారదమ్మ ఇంకా ఈడనే ఉన్నది...” గుసగుస పోయి గొంతు పైకి లేచింది. “ఆమెంటే నాకు ఇష్టం.”