ఆరు మ్యాచ్‌లూ మీ ఊళ్ళోనే

"ఆఫ్‌సైడ్!"

జోరువానలో నేను కొట్టిన ఒకే ఒక్క గోల్‌ని జెండా ఊపి చంపేసిందా అమ్మాయి. విజయనగరం ఆడపిల్లల జట్టు కెప్టెనట. మగపిల్లల ఆటకి లైన్ మీద నిలబడింది.

"కళ్ళు కనిపిస్తన్నాయా నీకు?" అన్నాను మీదికెళ్ళి.

"నీ కాళ్ళకన్నా బాగానే పనిసేస్తన్నాయి. ఎల్లి ఆడుకో," అంది.

పేరు ఝాన్సీ. పేరు పెట్టినవాళ్ళకి ముందే తెలిసినట్టుంది.

వాళ్ళ ఊళ్ళో ఓడిపోయాం. మా ఆటల్లో ఒక పద్ధతి ఉంది. ఏ ఊళ్ళో మ్యాచ్ అయితే ఆ ఊరివాళ్ళే వచ్చిన జట్టుకి అన్నం పెట్టాలి. ఎవరు గెలిచినా సరే. ఝాన్సీ నా విస్తట్లో చేపల పులుసు వడ్డిస్తూ, "ఇది ఆఫ్‌సైడ్ కాదులే, తిను," అంది. నా పని అప్పుడే అయిపోయింది.

అది పోయిన ఏడాది. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. శ్రీకాకుళం కాలేజీలదొక జోను, విజయనగరం కాలేజీలదొక జోను. ఎవరి జోనులో వాళ్ళే ఆడుకోవాలి. రెండూ ఎదురుపడేది ఏడాదికొక్కసారి. అంటే నేను ఝాన్సీని చూసేదీ ఏడాదికొక్కసారే, మిగతాదంతా ఫోన్లో పోట్లాట. ఇప్పుడు ఇద్దరిదీ ఆఖరి సంవత్సరం. పరీక్షలవగానే వాళ్ళ నాన్న సంబంధాలు చూస్తాడని తనే చెప్పింది, నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

మా ఆటల మాస్టారు జగన్నాధం గారిని బతిమాలాను. "రెండు జోన్లకీ ఇంకో ఆరు మ్యాచ్‌లు పెట్టండి సార్. పిల్లలకి ఎక్స్‌పోజర్ వస్తాది."

ఝాన్సీ కూడా వాళ్ళ ఆటల మాస్టారు దేవేంద్ర గారికి ఇదే ఎక్స్‌పోజర్ గురించి చెప్పింది. ఒకరి పేరెత్తితే ఒకరికి పడని మాస్టర్లిద్దరూ ఎలాగో ఒప్పుకున్నారు. తేదీలూ గ్రౌండ్లూ స్టూడెంట్ సెక్రటరీలే రాసుకురమ్మన్నారు. ఆ సెక్రటరీలం మేమిద్దరమే.

రెండూళ్ళకీ మధ్యనున్న చీపురుపల్లిలో మీటింగ్. నేను ఆరు మ్యాచ్‌లూ విజయనగరంలోనే పెట్టాను. ఆరుసార్లు వాళ్ళ ఊరు వెళ్ళొచ్చు కదా. అది చదివి దేవేంద్ర మాస్టారి మొహం మాడిపోయింది.

"ఆరుసార్లూ మేమే వండాలా? మీరొచ్చి తినిపోతారా? ఇదేటి జగన్నాధం గారూ?"

"మావోడు తెలీక రాసాడు. మీ అమ్మాయి ఏటి రాసిందో సూద్దాం," అని మా మాస్టారు ఝాన్సీ కాగితం అందుకున్నారు.

ఆరు మ్యాచ్‌లూ శ్రీకాకుళంలోనే ఉన్నాయి.

నేను ఝాన్సీ వైపు చూశాను. తను తలెత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"ఓహో! మా అన్నం మీద పడదామని మీరూ ప్లానేసినారా?" మా మాస్టారు కుర్చీ వెనక్కి తోసి లేచారు.

"మీ అన్నం ఎవలికి కావాలి?" దేవేంద్ర మాస్టారూ లేచారు.

టీ వచ్చేలోపే ఆరు మ్యాచ్‌లూ రద్దయిపోయాయి. ఏటా ఉండే ఆ ఒక్కటీ కూడా ఈసారి వద్దనుకున్నారు.

ముందే ఒకరినొకరు అడగొచ్చు కదా అంటారు. అడిగితే ఎందుకో చెప్పాలి. చెప్పే ధైర్యమే ఉంటే ఈ ఫుట్‌బాల్ అంతా ఎందుకు?

స్టేషన్లో వాన. మాస్టర్లు ప్లాట్‌ఫాం మీద చెరో చివర పెడమొహాలతో నిలబడ్డారు. మేం మధ్యలో, తడిసిన బెంచీ దగ్గర.

"మా ఊళ్ళో ఎందుకు పెట్టినావు?" అంది ఝాన్సీ.

"నిన్ను సూడ్డానికి. మరి నువ్వు?"

"నానూ అందుకే." కళ్ళు తుడుచుకుంది. "ఇద్దర్లో ఒకరికైనా బుర్ర ఉండొద్దేటి?"

"నువ్వంటే నాకు ప్రాణం, ఝాన్సీ."

"ఇప్పుడా సెప్తావు? మ్యాచ్ అంటేనే నాన్న నన్ను గడప దాటనిస్తాడు. ఇంకే మ్యాచ్ ఉన్నాది?"

తన రైలే ముందొచ్చింది. కిటికీలోంచి చెయ్యి కూడా ఊపలేదు.

ఆదివారం చర్చిలో ఏమని ప్రార్థించాలో తెలియక ఊరికే కూర్చున్నాను. వాళ్ళది గుడి, మాది చర్చి. దేవుళ్ళది కూడా చెరో జోను.

"ఏటిరా ఫిన్నీ, జొరమా?" అంది అమ్మ.

అవునన్నాను.

మొదటి మ్యాచ్‌కని నేను రాసుకున్న శనివారం రానే వచ్చింది. ఆశేమీ లేదు. ఇంట్లో ఉండలేక జెర్సీ వేసుకుని మా నరసన్నపేటలో బస్సెక్కాను. విజయనగరం పక్కనే ఝాన్సీ వాళ్ళుండే నెల్లిమర్లలో దిగి, ఇల్లు కనుక్కుని, గుమ్మం ముందు నిలబడ్డాను. తలుపు దగ్గర ఝాన్సీ బిగుసుకుపోయింది. అరుగు మీద పేపరు చదువుతున్న వాళ్ళ నాన్న సోములు గారు తలెత్తారు.

"ఎవలు బాబూ?"

"శ్రీకాకుళం జట్టండి. ఇవాళ మ్యాచ్."

"రద్దయిపోనాదని సెప్పింది కదా మా అమ్మాయి?"

"అవునండి."

"మరి మిగతా జట్టేది?"

"నేనొక్కణ్ణే వచ్చానండి."

ఆయన కూతురి వైపు తిరిగారు. ఝాన్సీ నిలబడే ఏడుస్తోంది. ఆయన పేపరు మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచారు. తిట్టినా కొట్టినా పడదామని నిలబడ్డాను.

"బుల్లమ్మా," అని చివరికి భార్యని కేకేశారు. "వచ్చిన జట్టుకి అన్నం పెట్టు."

బుల్లమ్మ గారు వడ్డించారు. ఇదే ఆఖరి భోజనం అనుకున్నాను. చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకుంటుంటే సోములు గారు గుమ్మం దాకా వచ్చారు.

"తిరుగు మ్యాచ్ మీ ఊళ్ళోనే కదా?" అన్నారు. "మీ అమ్మకి సెప్పు. ముగ్గురం వస్తాం."