ఖాళీ కడుపుతో రమ్మన్న అమ్మాయి

"ఏమైనా తిన్నారా?" అంది స్కానింగ్ గదిలో అమ్మాయి.

"టిఫిన్."

"ఖాళీ కడుపుతో రమ్మన్నాం కదండీ. తింటే పిత్తాశయం ముడుచుకుపోతుంది, రాయి ఉన్నా సరిగ్గా కనబడదు. రేపు రండి."

తప్పు నాదే. కుడి డొక్కలో నొప్పని వెళితే డాక్టరు స్కానింగ్ రాశాడు, కంగారులో ఆ నియమం మరిచిపోయి, అలవాటు లేకున్నా అమ్మ బలవంతం మీద తినేశాను. కానీ కోపంలో కూడా సొట్టపడే బుగ్గలుంటాయని నాకేం తెలుసు? స్కానింగ్ అయిపోతే మళ్లీ ఈ గదికి రావడానికి వంకేముంటుంది? అందుకే మర్నాడు సుష్టుగా తిని మరీ వెళ్లాను. పళ్లు నూరి పంపేసింది. దారంతా ఈల వేసుకుంటూ ఇల్లు చేరాను.

ఆ మర్నాడూ అదే కథ. ఈసారి కూర్చోబెట్టి నా అలవాట్లు ఆరా తీసింది. నేను గొప్పలు మొదలెట్టాను. పొద్దున తిండి మానేసి ఏళ్లయిందనీ, బదులుగా గుప్పెడు విటమిన్ మాత్రలు మింగుతాననీ, నెల తిరక్కుండా బోలెడు బరువు తగ్గాననీ చెప్పాను. కడుపు మాడ్చుకుని గబగబా చిక్కిపోతేనే రాళ్ల భయం ఎక్కువనీ, మాత్రలు తిండికి బదులు కావనీ చీవాట్లు పెడుతూ చటుక్కున ఆగింది.

"ఏళ్ల తరబడి టిఫిన్ ముట్టని మనిషి, స్కానింగ్ రోజునే ఎందుకు తింటున్నారు?"

దొరికిపోయాను.

"నొప్పి ముదిరితే ఆపరేషన్ దాకా పోతుంది. మీకు ఆటగా ఉందా?" అంది. నా చీటీ మీద 'ఖాళీ కడుపు' అని రెండుసార్లు రాసి చేతిలో పెట్టింది. నా కోసం ఒకమ్మాయి భయపడుతోందని సిగ్గేసింది, అంతకు రెట్టింపు సంతోషమూ వేసింది.

మర్నాడు మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకుండా వెళ్లాను. కాపలాకి అమ్మ వచ్చింది. ఊపిరి బిగబట్టమంది ఆ అమ్మాయి. ఆమెను చూసినప్పుడే బిగబట్టానని చెప్పలేదు.

రాయి ఉంది, చిన్నదే. ఇప్పటికి ఆపరేషన్ అక్కర్లేదనీ, వేళకు తినమనీ, తనని అడక్కుండా మాత్రలు మింగొద్దనీ అన్నాడు డాక్టరు. ప్రాణం కుదుటపడింది గానీ కాళ్లు ఇంటివైపు కదల్లేదు. మళ్లీ ఆ గది తలుపు తీశాను. వెనకే అమ్మ.

"అంతా అయిపోయిందండీ. ఇక రావడానికి వంక లేదు," అన్నాను.

ఆమె తలెత్తకుండా యంత్రం తుడుస్తూనే ఉంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"వంక లేకుండా రాలేరా?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ ముందుకొచ్చింది.

"వస్తాడమ్మా. నేనే వెంటబెట్టుకొస్తాను. మీ ఇల్లెక్కడో చెప్పు తల్లీ."