కూల్చబోయే ఇంటి శనివారాలు

అతను వెళ్ళేసరికి వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. గడప మీద ఒక అమ్మాయి కూర్చుని, ఒళ్ళో తాళం పెట్టుకుని స్క్రూడ్రైవరుతో విప్పుతోంది.

ఇల్లు అతని మేనత్తది. ఖాళీ చేసి నెల దాటింది. తాళంచెవి అతని జేబులోనే ఉంది. మరి తలుపెలా తెరుచుకున్నట్టు?

"ఎవరండీ మీరు?"

"మీరు ఫోన్ చేసిన తాళాల షాపు నుంచి. ఈ తాళం మార్చాలన్నారుగా."

"నాలుగింటికి రమ్మన్నాను. ఇంకా పది నిమిషాలుంది."

"ఊరికే కూర్చోవడం దేనికని తీశాను. నాకు రెండు నిమిషాలు పట్టింది. దొంగకైతే నాలుగు పడుతుంది. మార్చాల్సిందే" అంది, తల ఎత్తకుండా.

అతను బస్సు డిపోలో టైమ్ టేబుళ్ళు వేస్తాడు. ఏ బస్సు ఎప్పుడు కదలాలో, ఎక్కడ ఎన్ని నిమిషాలు ఆగాలో రోజంతా అదే పని. ఆలస్యంగా వచ్చేవాళ్ళతో ఎలా మాట్లాడాలో అతనికి బాగా తెలుసు. ముందే వచ్చి తలుపు తీసేవాళ్ళతో ఏం మాట్లాడాలో తెలియలేదు.

అత్తయ్య భూగోళం టీచరుగా చేసి రిటైరైంది. గోడలు బీటలు వారిన ఆ ఇంటిని కూలగొట్టి, అదే స్థలంలో కొత్తది కట్టుకోవాలని నిర్ణయించుకుని చిన్న అద్దె ఫ్లాటుకి మారింది. కూల్చడానికి అనుమతి రావాలంటే ఆరేడు నెలలు పడుతుందన్నారు. అప్పటిదాకా ఇంటిని కనిపెట్టుకుని ఉండే పని, మూడు స్టాపుల అవతల ఉంటున్నాడు కాబట్టి, మేనల్లుడి నెత్తిన పడింది.

కూల్చబోయే ఇంటి మీద ఖర్చు పెట్టడం ఆవిడకి సుతరామూ ఇష్టం లేదు. ఏం చేయాలో ఒక కాగితం మీద రాసిచ్చింది. నీళ్ళ వాల్వు కట్టేసి ట్యాంకు ఖాళీ చేయాలి. ముందు గదిలో ఒక్క బల్బుకి తప్ప మిగతా ఇంటికంతా కరెంటు ఆపేయాలి. కర్టెన్లు తీయకూడదు. పోస్టు డబ్బాలో ఉత్తరాలు పేరుకోకూడదు. గడ్డి మోకాలెత్తు పెరగకూడదు. పక్కింటాయన కారుని మన గేటు లోపల ఊరికే పెట్టుకోనివ్వాలి, చూసేవాళ్ళు మనుషులున్నారనుకుంటారు.

కొత్త తాళం మాట ఆ కాగితంలో లేదు. ఫోన్ చేస్తే ఆవిడ ససేమిరా అంది. అతను మొహమాటంగా ఆ సంగతి చెప్పబోతుంటే తాళాలమ్మాయి ఇంట్లోకి తొంగిచూస్తూ, లోపలి తలుపులకి కూడా పాత తాళాలే ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాడు. పదకొండు తలుపులు. తిరుగుతూ ఒక్కొక్కటీ వేలితో తడిమి చూసింది. షాపులో అన్నీ కొత్త రకాలే వస్తాయట. ఇలాంటివి నేర్చుకోవడానికి దొరకవట.

చివరికి ఒక బేరం పెట్టింది. వీధి తలుపుకి షాపులో పడి ఉన్న మంచి తాళం ఒకటి ఊరికే బిగిస్తుంది. శనివారం శనివారం వచ్చి ఇంటి పనిలో చెయ్యి వేస్తుంది. బదులుగా లోపలి తాళాల మీద చెయ్యి తిప్పుకోనివ్వాలి. ఇల్లు కూల్చే ముందు వాటిని తనకిచ్చేయాలి. 'ఊరికే' అన్న మాట చెవిన పడగానే అత్తయ్య ఒప్పేసుకుంది.

మేడ మీద ఒక్క గదికి మాత్రం తాళం వేసి ఉంది. దాని చెవి ఎప్పుడో పోయింది. లోపల ఏముందని అడిగితే, "పాత చెత్త. ఇంటితోపాటే పోతుంది" అంది అత్తయ్య, ఇంకేదో మాట మారుస్తూ.

తాళాలమ్మాయికి ఆ జవాబు నచ్చలేదు. "చెత్తకి ఇంత మంచి తాళం ఎవరైనా వేస్తారా?" అంది.

అప్పట్నుంచి ఇద్దరికీ అదే ధ్యాస. ఆమె ఒక పళ్ళు లేని చెవి తెచ్చింది. దాన్ని తాళంలో పెట్టి గట్టిగా తిప్పి తీస్తే ఇత్తడి మీద సన్నగా గీతలు పడతాయి. గీత పడ్డచోట ఆకురాయితో కాస్త అరగదీసి, మళ్ళీ పెట్టి చూడాలి. ఆమె కిటికీ దగ్గర నిలబడి చెవిని వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి చూసేది. గీతలు కనబడుతున్నాయా అని అతన్నీ చూడమనేది. అతనికి గీతలు కనబడేవి కావు. మూసిన కంటి రెప్ప మీద అంటుకున్న ఇత్తడి పొడి కనబడేది.

పని చేస్తూ లోపల ఏముంటుందో ఊహించేవాళ్ళు. పియానో ఉంటుందని ఆమె, పరీక్ష పేపర్ల కట్టలుంటాయని అతను. ఇద్దరూ కలిసి గడ్డి కోసేవాళ్ళు, ఉత్తరాలు ఏరేవాళ్ళు. అతను డిపోలో శనివారం డ్యూటీలన్నీ వేరేవాళ్ళ మీదకి నెట్టేశాడు. ఎవరైనా ఎందుకని అడిగితే ఇంటి పని అనేవాడు. అబద్ధం కాదు కదా.

వానలు మొదలయ్యాయి. రెండు వారాలు కుండపోత. మూడో శనివారం ఆమెకన్నా ముందే వచ్చి, ఆకులతో పూడుకుపోయిన పైకప్పు తూమును శుభ్రం చేద్దామని నిచ్చెన వేసుకుని ఎక్కాడు. తాళం వేసిన గది కిటికీ పక్కనే ఉంది. కర్టెను సందులోంచి లోపల నేల కనిపించింది. నేల మీద ఎర్ర బకెట్. కోసిన గడ్డి ఎత్తిపోయడానికి వాడే బకెట్టే, కనబడక ఇద్దరూ రెండు వారాలుగా వెతుకుతున్నది.

ఆమె వచ్చి, ఎప్పటిలాగే మెట్ల మీద కూర్చుని చెవి అరగదీయడం మొదలుపెట్టింది. ఇంకెన్నాళ్ళు పడుతుందని అతను అడిగాడు. "ఇంకో రెండు వారాలేమో" అంది.

"ఆ గదిలోకి మన బకెట్ ఎలా వెళ్ళిందండీ?"

ఆకురాయి ఆగిపోయింది.

"తీశాను. మొదటి వాన పడినప్పుడే, మీరు లేనప్పుడు వచ్చి" అంది.

"మరి ఇప్పుడు అరగదీస్తున్నదేంటి?"

ఆమె మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే బాగుండేది. ఆ మౌనానికి అతను తన సొంత అర్థం చెప్పుకున్నాడు. "లోపల ఏమున్నాయో అత్తయ్యకే గుర్తులేదు. ఏదైనా పోయినా తెలియదు" అనేశాడు.

మాట నోరు దాటాక గాని దాని బరువు అతనికి తెలియలేదు. ఆమె మొహం పాలిపోయింది. సంచిలోంచి ఇంకో చెవి తీసి మెట్టు మీద పెట్టింది.

"వెళ్ళి చూసుకోండి. ఏదైనా తగ్గితే షాపుకి రండి" అని, వాన పడుతున్నా ఆగకుండా వెళ్ళిపోయింది.

చెవి సులువుగా తిరిగింది. లోపల పియానో లేదు, పేపర్ల కట్టలూ లేవు. గుడ్డ మీద చేత్తో గీసి రంగులు వేసిన పటాలు ఉన్నాయి. నదులు, కొండలు, సముద్రాలు, గాలులు వీచే దారులు. నలభై దాకా ఉంటాయి. అన్నీ చుట్టలు చుట్టి, నేల మీద నుంచి బల్లల మీదకి ఎక్కించి, ప్లాస్టిక్ షీట్లు కప్పి తాడుతో కట్టి ఉన్నాయి. తడిసిన రెండూ కిటికీ దగ్గర ఆరవేసి ఉన్నాయి. ఒక్కో చుట్టకి ఒక చీటీ, దాని మీద ఆ పటం పేరు. కప్పు కారే చోట బకెట్. అందులో నీళ్ళు వారం వారం ఎవరు పారబోస్తున్నారో అడగనక్కర్లేదు.

అతను ఆ బకెట్లో నీళ్ళు పారబోసి వచ్చి, మళ్ళీ అదే చోట పెట్టాడు.

మర్నాడు అత్తయ్యని తీసుకొచ్చాడు. ఆవిడ ఒక పటం విప్పి ఒళ్ళో పరుచుకుంది. పిల్లలతో కలిసి ఏడాదికొకటి, ఒక్కోసారి రెండు గీసినవట. ఉద్యోగం అయిపోయిన రోజున వాటిని చూస్తూ ఉండలేక తాళం వేసేసిందట. ఇంతకాలం చెత్త, చెత్త అనుకుంటూ ఉంటే చెత్తే అయిపోతుందనుకుందట. కళ్ళు తుడుచుకుని, ఇంత జాగ్రత్తగా చూసిందెవరని అడిగింది. అతను అన్నీ చెప్పాడు, తను అన్న మాటతో సహా.

"తప్పు నీదే. ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళు. నన్ను వెంటపెట్టుకుని మాత్రం వెళ్ళకు" అంది అత్తయ్య.

షాపులో ముగ్గురు కస్టమర్లున్నారు. అతను వాళ్ళ వెనక వరసలో నిలబడ్డాడు. ఆమె తండ్రి ఒక పక్క మెషీన్ మీద చెవులు కోస్తున్నాడు. అతని వంతు వచ్చింది.

"ఏం కావాలి?" అంది, ముక్కూమొహం తెలియనివాడిని అడిగినట్టు.

"క్షమాపణ చెప్పడానికి వచ్చాను. మీరు అలా ఎందుకు చేశారో అడగకుండానే దొంగని చేసేశాను. ఆ మాట అన్నందుకు నాకు రెండు రోజుల్నుంచి నిద్ర లేదు."

ఆమె కౌంటరు మీది చెవుల్ని సర్దింది. సర్దినవాటినే మళ్ళీ సర్దింది.

"తీసిన రోజే చెప్పాల్సింది. అది నా తప్పు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఆ గది తీసేశానని చెబితే ఇక నేను రావాల్సిన పని లేదుగా" అంది.

అదేం ఖర్మమో, సరిగ్గా ఆ ముక్క దగ్గరే మెషీన్ ఆగింది. తండ్రి కళ్ళజోడు పైనుంచి ఇద్దర్నీ ఒకసారి చూసి, టీ తాగొస్తానని బయటికి వెళ్ళిపోయాడు.

మళ్ళీ శనివారాలు మొదలయ్యాయి. పటాల్ని అత్తయ్య పనిచేసిన బడికి చేర్చారు. పదకొండు తలుపుల తాళాలూ, మేడ గదిదీ విప్పి పెట్టెలో సర్దారు. ఆ తర్వాత చేయడానికి పెద్దగా పనేమీ మిగల్లేదు. అయినా ఇద్దరూ వస్తూనే ఉన్నారు.

అనుమతి వచ్చింది. కూల్చే రోజున అత్తయ్య రోడ్డు అవతల కుర్చీ వేయించుకుని గొడుగు కింద కూర్చుంది. పక్కన కొత్త ఇల్లు కట్టబోయే ఇంజనీరు. ఇన్నాళ్ళు కాపలా కాసిన ఇల్లు పూట తిరగకుండానే నేలమట్టమైంది. దుమ్ము సర్దుకున్నాక చూస్తే ఆ చోటంతా వింతగా వెలుతురు.

తాళాలమ్మాయి తాళాల పెట్టె ఎత్తి సంకన పెట్టుకుంది. వెళ్ళొస్తానంది. నాలుగడుగులు వేసింది కూడా.

"వచ్చే శనివారం వస్తావా?" అన్నాడతను. ఇన్ని నెలల్లో 'నువ్వు' అనడం అదే మొదటిసారి.

ఆమె వెనక్కి తిరిగింది. "ఎక్కడికి? ఇల్లు లేదుగా."

అతను ఖాళీ స్థలం వంక చూశాడు. "అది ఆలోచించలేదు" అన్నాడు.

ఆమె నవ్వింది. "ఏ బస్సు ఎక్కడికెళ్ళాలో రాసేవాడివి, నీకే తెలియదా? సరే, మా ఇంటికి రా. నువ్వెవరో అమ్మకి చెప్పాలి. ఏమని చెప్పను?"

"నిన్ను పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నవాణ్ణని చెప్పు."

పెట్టె బరువుగా ఉన్నట్టుంది, ఆమె దాన్ని నెమ్మదిగా కింద పెట్టింది. చెంపల మీది దుమ్ము చేత్తో తుడుచుకోబోయి ఇంకా పులుముకుంది.

"అమ్మకి అలాగే చెప్తాను. నాన్నకి మాత్రం నువ్వే చెప్పుకోవాలి" అంది.

రోడ్డు అవతల అత్తయ్య అంతా విననే విన్నది. ఇంజనీరు వైపు తిరిగి, కొత్త ఇంటికి పైన ఇంకో వాటా వేయమంది. ప్లాను మారిస్తే మళ్ళీ అనుమతికి మూడు నెలలు పడుతుందని ఆయన గొణిగాడు.

"పట్టనీ" అంది అత్తయ్య, గొడుగు మడుస్తూ. "వీళ్ళకీ పెళ్ళి పనులుంటాయిగా."