సాక్షికి మీతో ఉన్న సంబంధం

"మోకాలు పూర్తిగా వంచారా?" నా వైద్య పరీక్ష రిపోర్టు చూస్తూ అడిగింది జనెల్.

"వంచాను. ఇంకా వంచమంటే వంచేవాణ్ణి," అన్నాను గర్వంగా.

"నొప్పి లేదా?"

"ప్రాణం పోయింది. అయితే మాత్రం? పారాచూట్‌తో దూకినవాణ్ణి, డాక్టరు ముందు అమ్మో అంటానా?"

"అందుకే పది శాతం వైకల్యమని రాసి పంపించారు, సార్జెంట్ గారూ! నొప్పి మొదలైన చోట ఆపి చెప్పాలి. మీ ఆర్మీలో బూట్లు కట్టుకోవడం తప్ప ఏమీ నేర్పరా?"

ఆమె నేవీలో ఆరేళ్ళు చేసింది. ఇప్పుడు మా కౌంటీ కోర్టు భవనంలో మాజీ సైనికుల అర్జీలు చూస్తోంది.

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ శాతం పెరిగితేనే సర్కారు ఖర్చుతో వేరే పని నేర్చుకునే దారి దొరుకుతుంది. లేదంటే మళ్ళీ కప్పులు వేసే పనికి ఇళ్ళెక్కాలి. పోయిన నెలే నిచ్చెన మీద మోకాలు పట్టు తప్పి, చావు తప్పించుకున్నాను. నోరు మూసుకుని అప్పీలు కాగితం మీద సంతకం పెట్టాను.

నొప్పి ఉన్నదున్నట్టు చెప్పడం అలవాటు కావాలని, వారానికి రెండుసార్లు లంచ్ వేళ ఆమె నాచేత కోర్టు మెట్లు దిగించేది.

"ఎలా ఉంది?"

"ఫైన్."

"ముఖం సున్నం కొట్టినట్టుంది. మళ్ళీ చెప్పండి."

నాలుగో వారం వాన. తడి మెట్ల మీద మూడో అడుగుకే ఆగిపోయాను.

"ఇక్కడ నొప్పి. చాలా."

ఆమె చప్పున నా మోచెయ్యి పట్టుకుంది. ఆ భవనానికి ఇంకో రెండంతస్తులుంటే బాగుండేదనిపించింది.

రెండో పరీక్షలో నిజమే చెప్పాను. ఇక నా అవస్థ కళ్ళారా చూసినవాళ్ళ సాక్ష్యం ఒకటి కావాలి.

"ఇంట్లో ఎవరున్నారు?"

"పిల్లి."

"పిల్లి సంతకం చెల్లదు." కాసేపు పెన్ను తిప్పింది. "మీ ఫైలు నిన్న మా ఆఫీసులోనే పక్క సీటు మార్గోకి ఇచ్చేశాను."

నేను కుర్చీలో ముందుకి జరిగాను. "నామీద విసుగొచ్చిందా?"

"ఫైలు చూసే మనిషే సాక్ష్యం రాస్తే బాగుండదు కదా! నెలరోజులు మిమ్మల్ని మెట్ల మీద చూసింది నేనేగా?" ఫారం ముందుకు లాక్కుంది. "ఇక్కడ 'సాక్షికి మీతో ఉన్న సంబంధం' అని ఉంది. ఏం రాయమంటారు?"

ఆమె తల ఎత్తలేదు. విమానంలోంచి నలభైసార్లు దూకాను గానీ ఎప్పుడూ అంత భయపడలేదు.

"జనెల్, నువ్వంటే నాకిష్టం. మొదటిరోజు తిట్టావు చూడు, అప్పట్నుంచీ."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "ఈ గడిలో అంత పట్టదు," అని 'స్నేహితురాలు' అని రాసింది.

మే నెలలో ఉత్తరం వచ్చింది. ఇరవై శాతం! ఇళ్ళ ప్లాన్లు గీసే డ్రాఫ్టింగ్ కోర్సుకి ఇక అడ్డులేదంది మార్గో.

జనెల్ ఆ కాగితం రెండుసార్లు చదివి, మా వంటగదిలో నిలబడి ఏడ్చేసింది.

"ఏమైంది?" కంగారుగా అడిగాను.

"ఏం కాలేదు. నువ్వు ఎప్పుడో చెప్పేశావు. నేనే ఇన్నాళ్ళూ ఫారాలు నింపుకుంటూ కూర్చున్నాను." కళ్ళు తుడుచుకుంది. "కోల్బీ, నాకూ నువ్వంటే ఇష్టం. చాలా."